ఆషాఢం డిస్కౌంట్

పోయిన ఆషాఢంలో బెంగుళూరులో ఒక పెద్ద షాపులో ధర్మవరం పట్టుచీర కొన్నాను. నలభై శాతం తగ్గింపు. నాతో వచ్చిన కొలీగ్ "మీ ఊరి చీర మీరిక్కడ కొంటున్నారా!" అని నవ్వింది. నేనూ నవ్వాను. కథల్లో స్త్రీల శ్రమ మీద డాక్టరేట్ చేసినదాన్ని, ఆ నలభై శాతం ఎవరి కూలిలోంచి వస్తోందో అడగాలని ఆ క్షణాన తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమేనేమో.

మా ఇంట్లో ఆషాఢమంటే పెళ్ళిళ్ళు లేని నెల. వానొస్తే మగ్గం గుంతలోకి నీళ్ళు ఊరే నెల. నాయన ధర్మవరంలో కూలికి నేసేవాడు. పట్టు, జరీ షావుకారు ఇస్తాడు, చీర ఆయనకే అప్పజెప్పాలి. నేను డిగ్రీలో ఉండగా ఒక ఆషాఢంలో నాయన మూడు చీరలు తీసుకెళ్ళి సగం డబ్బుతో తిరిగొచ్చాడు. "బెంగుళూరు షాపోళ్ళు రేటు తగ్గించమంటాండారంట. పైగా ఒకదాంట్లో మరక ఉండాదన్నాడు. మిగతాది దసరా దాటినాక" అన్నాడు.

ఆ మరక అమ్మ చేతిదని నాయన అక్కడికక్కడే తేల్చేశాడు. కావచ్చు కూడా. అమ్మ కండెలు చుట్టేది, పడుగు అతికేది, పోగు తెగిందని పిలిస్తే పొయ్యి దగ్గర్నుంచి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తేది. కూలిలో ఎప్పుడూ వాటా లేని అమ్మకి కోతలో మాత్రం మొత్తం వాటా దక్కింది. రెండ్రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. షావుకారుకి షాపు పెట్టిన కోత మా ఇంటికొచ్చేసరికి మొగుడూపెళ్ళాల తగాదా అయింది. ఆ సంవత్సరం నా ఫీజు అమ్మ కమ్మలతో కట్టాం. ఈ సంగతి నా థీసిస్‌లో ఎక్కడా లేదు.

నేతన్న నేస్తం పథకాన్ని 2019 డిసెంబర్‌లో మా ధర్మవరంలోనే మొదలుపెట్టారు. సొంత మగ్గమున్న నేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు. ఇంట్లో ఎన్ని మగ్గాలున్నా లబ్ధిదారు ఒక్కరే. కండెలు చుట్టే చేతులకి ప్రత్యేకంగా ఏ పేరూ లేదు. ఆ పథకమూ ఇప్పుడు లేదనుకోండి.

చీర తీసుకుని ఊరికి బయల్దేరి, దారిలో హిందూపురంలో దిగాను. మా చిన్నాయన కూతురు అక్కడ ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేస్తోంది. పట్టుగూళ్ళ మార్కెట్టున్న ఊళ్ళో పట్టుతో సంబంధమే లేని చొక్కాలు కుడుతుందన్నమాట. "గంటకిన్నని టార్గెట్ అక్కా. షిప్‌మెంట్ దగ్గరపడితే నీళ్ళు గూడా తాగం. తాగితే లేయాల గదా" అంది. షిప్‌మెంట్ తేదీ ఎవరు పెడతారని అడిగితే "పైనోళ్ళు" అంది. ఆ పైనోళ్ళకి పైన ఇంకొకరున్నారు. ధర తగ్గించి, గడువు కుదించి, ఆఖరి నిమిషంలో డిజైన్ మార్చే విదేశీ బ్రాండ్లు. 2020లో కోవిడ్ వచ్చి ఆ బ్రాండ్లు ఆర్డర్లు రద్దు చేసుకున్నప్పుడు కర్ణాటకలోని శ్రీరంగపట్నంలో ఒక ఫ్యాక్టరీ మూతపడింది. సుమారు 1,200 మంది, ఎక్కువగా ఆడవాళ్ళే, రోడ్డున పడ్డారు. నెలల తరబడి యూనియన్‌తో కలిసి పోరాడి 2021లో ఒప్పందం సాధించుకున్నారు. మా చెల్లెలికి ఆ కథ చెప్పాను. "మాకు యూనియన్ యాడుంది?" అని టిఫిన్ బాక్సు సర్దుకుంది.

పెనుకొండలో మెడలో ఐడీ కార్డులతో కుర్రాళ్ళు గుంపుగా దిగారు. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ స్టేషన్ కళే మారిపోయింది. ఆ గుంపులో ఆడపిల్లలెందరని లెక్కపెట్టబోయేలోపే రైలు కదిలింది.

ఆ దారిలోనే నాకు రొయ్యలు గుర్తొచ్చాయి. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్, కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికన్ సంస్థ మన కోస్తా రొయ్యల షెడ్ల మీద కథనాలు, నివేదిక బయటపెట్టాయి. మంచునీళ్ళలో నానిన చేతులతో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు, అప్పులు, కనీస వేతనం కన్నా తక్కువ కూలి. ఎగుమతిదారులు అదంతా కాదని ఖండించారు. నన్ను పట్టుకున్నది కూలి సంగతి కూడా కాదు, అమెరికా సూపర్ మార్కెట్లు చవకగా కావాలని పట్టుబట్టడమే ఈ దుస్థితికి ఒక కారణమన్న మాట. అనంతపురం జిల్లాలో పుట్టి సముద్రమే ఎరగనిదాన్ని, ఆ మాట చదవగానే మా నాయన సగం డబ్బుతో గడపలో నిలబడ్డం కనిపించింది. అక్కడ కొనేది ఒలిచిన రొయ్య, ఇక్కడ మడతపెట్టిన చీర. ఒలిచిన చెయ్యీ, అతికిన చెయ్యీ ప్యాకెట్లో రావు. ధర అడిగే నాకు వాటిని వెతుక్కోవాల్సిన అవసరమూ రాదు.

ఇంటికెళ్ళి చీర అమ్మ చేతిలో పెట్టాను. విప్పి, తిరగేసి, అంచు దగ్గర వెనకవైపు వేలితో తడిమింది. "మగ్గం చీరే" అంది. తర్వాత, నేను భయపడుతున్న ప్రశ్నే.

"ఎంతకిచ్చినార్మే?"

బిల్లు నా బ్యాగులోనే ఉంది. కొన్న ధర మీద నాలుగు వేలు కలిపి చెప్పాను. అమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది.

"అట్లయితే పర్వాల్యా. నేసినోళ్ళకి కూలి బాగనే పడింటాది" అని, పాత మడతల మీదే చీర మళ్ళీ మడతపెట్టింది.