తుంగభద్ర ఒడ్డున తొలి పరుగు

నడక మంత్రాలయానికి కొత్త కాదు. శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలకు కర్ణాటక నుంచి రోజుల తరబడి కాలినడకన వచ్చే భక్తులెందరో! పరుగు అనేసరికి మాత్రం జనం జంకుతారు.

ఆ జంకు పోగొట్టే పద్ధతి 1996లోనే వచ్చింది. అమెరికాలో జోష్ క్లార్క్ రూపొందించిన ‘కౌచ్ టు 5కే’ (ఐదు కిలోమీటర్ల పరుగు) శిక్షణలో వారానికి మూడు రోజులు, మొత్తం తొమ్మిది వారాలు. మొదటి వారం ఐదు నిమిషాల చురుకైన నడక, ఆపైన 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా 20 నిమిషాలు. కొత్తవాళ్లకు ఆ 60 సెకన్లే చాంతాడంత. సగం గడిచేసరికి నోరెండిపోతుంది, పిక్కలు బిగుసుకుంటాయి. అయినా ఎంత తెలివైన లెక్క! ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది. ఎముకలు, కీళ్లు నెమ్మదిగా బలపడతాయి. వాటికి కావలసిన వ్యవధిని ఈ తొమ్మిది వారాల క్రమం ఇస్తుంది.

పద్ధతి ఒక్కటే చాలదు, తోడూ కావాలి. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ లాంటి పరుగు బృందాల అసలు బలం అదే. పక్కవాళ్లతో రెండు మాటలు ఆడలేనంత రొప్పు వస్తే వేగం ఎక్కువైనట్టే. ఒంటరిగా పరుగెత్తేవారికి ఆ సంగతి చెప్పేదెవరు?

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన రాయలసీమలో పరుగు తెల్లవారుజామునే ముగియాలి. ఇరుగుపొరుగులో ఇద్దరిని పిలవండి. ఒక్క నిమిషంతో మొదలుపెట్టండి.