జాలారు పక్కన పూలు

రామగుండం బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో ఏ క్వార్టరు వెనక మెట్టతామర పూసిందో చూస్తే ఆ ఇంటి జాలారు ఎటు పారుతుందో చెప్పొచ్చు. గిన్నెలు తోమిన నీళ్ళు, బొగ్గుబాయి డ్యూటీ బట్టలు ఉతికిన నల్లటి నీళ్ళు గోడవారగా ఎక్కడ దిగుతాయో అక్కడే అది నడుమెత్తు పెరిగి ఎర్రగానో పసుపుపచ్చగానో పూస్తుంది. తోట వేద్దామని ఎవరూ వేసింది కాదు. ఎవరో దుంప ఇస్తే తడి కనిపించిన చోట గుచ్చారు, అంతే.

తడిని కోరే పూలమొక్కల విషయంలో నాకు తెలిసిన తోటపని సగం ఇదే. నీళ్ళు ఎటూ పోయే చోటు చూసుకుని మొక్కను అక్కడ పెట్టాలి. కూలరు కింద కారే నీరు, ఫిల్టరు వదిలేసే నీరు, నల్లా కింది చెమ్మ చాలు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఈ రామగుండం ఎండల్లో బిందెలు మోసి పెంచిన మొక్క, ఇంటిల్లిపాదీ పెళ్ళికి పోయి వచ్చేసరికి మాడి ఉంటుంది. కింద బాయిలోంచి పంపులు రాత్రింబవళ్ళు నీళ్ళు తోడి పోస్తుంటాయి, పైన మనం నల్లా వచ్చే టైముకు కాచుకుని కూర్చుంటాం. ఈ ఊరి లెక్కే అంత.

ఆ మాటకొస్తే ఈ ఊరు బతికేదే తడి మొక్కల మీద. 25 కోట్ల ఏళ్ళకు ముందు గోదావరి లోయ చిత్తడిలో పెరిగిన గ్లాసాప్టరిస్ చెట్లు నీటమునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్ళకుండా మిగిలి బొగ్గయ్యాయి. వాటికి పూలు లేవు. భూమ్మీద పూలు పూసింది ఆ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్ళకు. మనకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది: నిలిచిన నీళ్ళలో గాలి ఆడదు. మెట్టతామర, వస, చేమ బురదలోనూ బతుకుతాయి. దండలకు కట్టే లిల్లీకి నీళ్ళు కావాలి గానీ, నిలిచిపోతే దాని దుంప కుళ్ళుతుంది. దాన్ని జాలారుకు రెండడుగులు ఎడంగా, కాస్త మెరక చేసి పెట్టాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు మురుగునీటిని వడగట్టే మడుల్లో మెట్టతామరను వాడారంటే దాని ఓర్పు తెలుస్తుంది. అయినా సబ్బునీళ్ళే ఏళ్ళ తరబడి పారితే మట్టి బిగుసుకుపోతుంది. అప్పుడప్పుడు మంచినీళ్ళు వదిలి, పెంట కలపాల్సిందే.

ఇక హెలికోనియా మోజు. వానాకాలంలో కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తుంది. చిలక ముక్కుల్లాంటి దాని పూలు చూసి ఆగని మనిషి ఉండడు. కడియంలోనూ గోదావరే, ఇక్కడా గోదావరే, మరి అక్కడ అంత ఏపుగా ఉన్నది ఇక్కడ రోహిణి కార్తెకు ఆకుల అంచులు కాలి ఎందుకు నిలబడుతుంది? పాదు నిండా నీళ్ళున్నా అంతే. నేలకు తడి మనం ఇవ్వగలం, గాలికి ఇవ్వలేం. సముద్రం దగ్గరి గాలిలో ఉన్న చెమ్మ ఈ వడగాలిలో ఎక్కడిది? పడమటి ఎండ తగలని గోడ చాటున, అరటి పక్కన పెడితే కొంత తట్టుకుంటుంది. నన్నడిగితే ఆ డబ్బుతో అరటి పిలకలే కొనుక్కోవచ్చు.

మళ్ళీ మెట్టతామర దగ్గరికొస్తే, ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము దాని వెడల్పాటి ఆకుల మీద పొరలా పేరుకుంటుంది. పొద్దున్నే ఆకుల మీద నీళ్ళు చల్లితే పోతుంది.

పూత అంతా అయిపోయిన మెట్టతామర కాడ మళ్ళీ పూయదు. దాన్ని మొదలంటా కోసేస్తే పక్కనుంచి కొత్తది లేస్తుంది. ఈ కోత దగ్గరే చాలామందికి చెయ్యి రాదు, పచ్చగా ఉందిగా అని వదిలేస్తారు. రెండేళ్ళకు మడంతా దుంపలు ఇరుక్కుని ఆకులే తప్ప పూలుండవు. అప్పుడు గడ్డపారతో లేపి, కన్ను ఉన్న ముక్కలుగా కోసి, సగం పంచేయాలి. మా వరసలో అడిగేవాళ్ళకు కొదవ లేదు. మృగశిర కార్తెకు ముందు, ఎండాకాలంలో అడిగినవాళ్ళకు మాత్రం ఒకటే జవాబు: “మిరుగం దాటనియ్యక్కా, అప్పుడు సంచి తెచ్చుకో.”