డీజిల్ వాసన లేని బంకు

మా ఇంట బట్టలు నానబెట్టడానికి రెండు బకెట్లు ఉండేవి. ఒకటి ఇంటిల్లిపాదికీ, రెండవది అబ్బాకు మాత్రమే. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నలభై రెండేళ్లపాటు డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసిన మనిషి చొక్కాను మరే బట్టతో కలిపినా ఆ వాసన అన్నింటికీ పట్టుకునేది. పండుగనాడు అత్తరు పూసుకున్నా, ఆలింగనం చేసుకున్నప్పుడు అత్తరు వెనుక నుంచి డీజిల్ పలకరించేది. కళాశాలలో చదివే రోజుల్లో స్నేహితురాళ్లు ఇంటికి వస్తామంటే ఆ రెండవ బకెట్‌ను పెరట్లో చాటుగా పెట్టేదాన్ని. ఈ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఆ వాసనతో వచ్చిన రూపాయలతోనే నేను బి.ఎస్సీ., బి.ఎడ్. పూర్తిచేసి, ఈనాడు పిల్లలకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను.

గత నెలలో మా పేటకు దగ్గరలోని షాపింగ్ కాంప్లెక్స్ పార్కింగ్ స్థలంలో విద్యుత్ కార్లకు ఫాస్ట్ చార్జింగ్ కేంద్రం ప్రారంభమయింది. కింద బట్టల దుకాణాలు, పైన తినుబండారాల అంగళ్లు ఉండే మామూలు భవనం అది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఇటీవలే విద్యుత్ కారు కొన్నాడు. ఆ ఆదివారం ఇంటికి వచ్చి, "అబ్బా, మీరు తప్పక చూడాలి" అని పట్టుబట్టాడు. నన్నూ, మా భాయిజాన్ కుమారుణ్ణీ కూడా ఎక్కించుకున్నాడు.

ఆ కుర్రవాడి గురించి ఇక్కడే చెప్పాలి. ఇంటర్మీడియట్ అయిన నాటి నుంచి అతని విషయమై ఇంట్లో మూడు నెలలుగా వివాదం నడుస్తోంది. మనవడు షాపులో కూర్చోవాలన్నది అబ్బా కోరిక. భాభీ ససేమిరా అంటుంది. "ఆ పని ఇంకెన్నాళ్లుంటుంది మామయ్యా? రేపు డీజిల్ బండ్లే లేకపోతే మా పిల్లవాడు ఏ పంపు విప్పాలి?" అని ఒకరోజు భోజనాల వేళ ఆమె నేరుగానే అడిగేసింది. పెద్దలముందు ఆమె ఎన్నడూ గొంతెత్తి ఎరుగదు. అబ్బా చేయి కడుక్కుని లేచిపోయారు. షాపును నడుపుతున్న భాయిజాన్ అటు తండ్రికీ, ఇటు భార్యకూ జవాబు చెప్పలేక మౌనం వహించాడు.

భాభీ భయం ఊహాజనితమైనదేమీ కాదు. అబ్బా విద్యకు ఒకసారి ఇదివరకే దెబ్బ తగిలింది. పాతకాలపు పంపును బల్లపై బిగించి తిప్పితే, ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ వెళ్తున్నదో గీతలున్న గాజు గొట్టాలలో చుక్కలతో సహా తెలిసేది. ఆ గొట్టాలన్నింటినీ ఒకే మట్టానికి తేవడమే కాలిబ్రేషన్. పంపులోని ప్లంజరుకూ, దాని గదికీ మధ్యనుండే సందు రెండు మూడు మైక్రాన్లు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని అబ్బా వేళ్లతో పసిగట్టేవారు. నాజిల్ నుంచి మంచులాంటి తుంపర రావాలి, చుక్క కారితే పనికిరాదు. ఆ పీడనం చర్మాన్ని సైతం చీల్చుకుని లోపలికి పోగలదు. అబ్బా ఎడమచేతి చూపుడు వేలిపై ఉన్న మచ్చ అందుకు సాక్ష్యం. తరువాత కామన్ రెయిల్ ఇంజన్లు వచ్చాయి. ఎంత డీజిల్, ఏ క్షణాన అన్నది కంప్యూటర్ నిర్ణయించసాగింది. పక్క షాపులు ఎన్నో మూతబడ్డాయి. భాయిజాన్ అప్పు చేసి స్కానర్ కొని, నేర్చుకుని నిలబడ్డాడు. అబ్బా మాత్రం ఆ స్కానర్‌ను చివరివరకూ "టీవీ" అనే పిలిచారు.

మేము వెళ్లేసరికి బంతిపూల దండలు ఇంకా వాడలేదు. నిలబెట్టిన బీరువాల్లాంటి రెండు యంత్రాలు, ఒక్కోదానికి నల్లని లావుపాటి తీగలతో రెండేసి గన్‌లు. అబ్బా చుట్టూ ఒకసారి నడిచి, "ట్యాంకు ఎక్కడ?" అని అడిగారు. తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బంకు అంటే భూమిలో ట్యాంకు ఉండాలన్నది ఆయన ఎరిగిన లోకం.

నేను ఉపాధ్యాయినిని కదా, ఊరుకోలేక వివరించాను. మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే ఇక్కడా కొలత. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు ఆగకుండా నడిస్తే ఒక యూనిట్. తమ్ముడి కారు బ్యాటరీలో సుమారు 30 యూనిట్లు పడతాయి. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు మూడు యూనిట్లు ఎక్కినా గొప్పే, నిండాలంటే రాత్రంతా కావాలి. అసలు చిక్కేమిటంటే, ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీ దాచుకోగలిగేది డీసీ. ఆ మార్పిడి చేసే పరికరం కారులోనే ఉంటుంది. చోటు తక్కువ గనుక అది చిన్నది, చిన్నది గనుక దాని పని నిదానం. ఫాస్ట్ చార్జింగ్ కేంద్రంలో ఆ పరికరాన్నే బీరువా అంత చేసి బయట నిలబెట్టి, నేరుగా డీసీనే బ్యాటరీకి పంపుతారు. ఈ యంత్రం సామర్థ్యం 60 కిలోవాట్లు. రెండు గన్‌లకూ కార్లు తగిలిస్తే చెరి 30 పంచుకుంటాయి.

"మరి బట్టల కొట్టువాళ్లకు కరెంటు అమ్మే లైసెన్సు ఎవరిచ్చారు?" అన్నది అబ్బా తదుపరి ప్రశ్న. వ్యాపారం చేసిన మనిషి ప్రశ్న అది. బండికి చార్జింగ్ పెట్టడం విద్యుత్ అమ్మకం కిందికి రాదనీ, అది ఒక సేవ మాత్రమేననీ, దానికి లైసెన్సు అక్కరలేదనీ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. సేవ గనుకనే 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అదే విద్యుత్ కారు కొంటే జీఎస్టీ 5 శాతమే. కారుకు రాయితీ ఇచ్చి, దాని ఆకలికి పన్ను వేయడం నాకెందుకో వింతగా తోచింది.

ఆ రోజు అంతా సజావుగా సాగిందని చెప్పను. రెండవ యంత్రం తెరపై ఏదో లోపం చూపి పనిచేయనని మొరాయించింది. మొదటిదానికి అప్పటికే ఒక కారు తగిలించి ఉంది. తమ్ముడు దాని రెండవ గన్ అందుకున్నాడుగానీ, వెంటనే మొదలుపెట్టే వీలు లేదు. ఫోనులో ఆ సంస్థ యాప్ దించుకుని, అందులో ముందుగా డబ్బు వేసుకుంటే తప్ప యంత్రం కదలదు. అబ్బా జేబులోంచి అయిదు వందల నోటు తీసి ఇటూ అటూ చూశారు, తీసుకునేవారే లేరు. ఆయన దగ్గర ఉన్నది మీటల ఫోను. పెట్రోలు బంకులో కూలివాడైనా, కోటీశ్వరుడైనా నోటు చాచితే చాలు. ఇక్కడ యాప్ లేని ముసలివాడు ఒంటరిగా బండి తెచ్చుకుంటే గతేమిటి? దీన్ని కట్టినవారికి ఈ సంగతి తట్టకపోవడం నాకు నచ్చలేదు.

కారు 20 శాతం నుంచి 80 శాతానికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఎనభై దాటగానే వేగం సగానికి సగం పడిపోయింది. బ్యాటరీ చెడకుండా కారే తగ్గించుకుంటుందని తమ్ముడు చెబితే, అబ్బా తల ఊపి, "ఖాళీ బస్సు ఎక్కడం వేరు, నిండిన బస్సు ఎక్కడం వేరు. చివర ఎక్కేవాడు ఒక్కొక్కరినీ జరపమని అడుక్కోవాలి" అన్నారు. పదేళ్లుగా ఇదే పాఠం చెబుతున్న నాకు ఇంత తేలిక ఉపమానం ఎన్నడూ స్ఫురించలేదు.

ఆ నిరీక్షణలోనే అస్ర్ వేళయింది. తుండుగుడ్డ పరచి, స్తంభం పక్కన అబ్బా నమాజు చేసుకున్నారు, మనవడు ఆయన వెనుక నిలబడ్డాడు. పెట్రోలు బంకులో అయిదు నిమిషాలలో పంపించేస్తారు. ఇక్కడ కూర్చోక తప్పదు. అందుకేనేమో ఇలాంటివి షాపింగ్ కాంప్లెక్సులలో పెడుతున్నారు, ఆ నలభై నిమిషాలూ మన జేబుకు వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. మేము మాత్రం తలా ఒక చాయ్‌తో సరిపెట్టాము.

"పొగ లేదు, చప్పుడు లేదు చూశారా అబ్బా!" అన్నాడు తమ్ముడు. అబ్బా తాపీగా, "పొగగొట్టం ఇక్కడ లేదురా. ఇబ్రహీంపట్నంలో ఉంది" అన్నారు. అక్కడి థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలితేనే మా ఊరి దీపాలు వెలుగుతాయని ఆయనకు తెలుసు. నిజమే. అయితే డీజిల్ ఇంజన్ తాను తాగినదానిలో సగానికిపైగా వేడిగానే వృథా చేస్తుందన్నదీ, విద్యుత్ మోటారు తనకు అందినదానిలో అత్యధిక భాగాన్ని చక్రాలకు చేరవేస్తుందన్నదీ అంతే నిజం. ఈ రెండో నిజాన్ని తండ్రి ముఖం మీద చెప్పడానికి ఆ సాయంత్రం నాకు నోరు రాలేదు.

అంతలో పనిచేయని యంత్రం తలుపు తెరిచి ఒక యువకుడు మీటరుతో ఏదో పరీక్షిస్తున్నాడు. అబ్బా మెల్లగా లేచి అతని దగ్గరకు వెళ్లారు. మనవడూ వెంబడించాడు.

"బాబూ, దీనికి రిపేరు ఏముంటుంది?"

యువకుడు విసుక్కోలేదు, అది అతని సంస్కారం. "ఎందుకుండదు తాతా! తీగల మీద కార్లు ఎక్కించి నలిపేస్తారు. గన్ లోపలి పిన్నులు వేడికి మాడుతాయి. ఎర్తింగ్ సరిచూడాలి. అన్నిటికంటే ముందు ఇదిగో" అంటూ యంత్రం పక్కనుంచి దుమ్ముపట్టిన ఒక పలకను లాగాడు. "లోపల వేడి తగ్గించే ఫ్యాన్లకు గాలి ఇందులోంచే రావాలి. దుమ్ము మూసుకుపోతే యంత్రం నిదానిస్తుంది, లేదంటే ఆగిపోతుంది. ప్రారంభానికి ముందు పక్కనే సిమెంటు పని చేశారు, ఆ దుమ్మంతా దీంట్లోకే వచ్చింది."

"ఫిల్టరా!" అన్నారు అబ్బా.

ఆ ఒక్కమాట ఆయన పలికిన తీరు నాకింకా చెవుల్లో ఉంది. పరాయి ఊరి సంతలో సొంత ఊరివాడు ఎదురుపడితే పలకరించే గొంతు అది. నలభై రెండేళ్లలో ఎన్ని వేల డీజిల్ ఫిల్టర్లు విప్పి ఉంటారో! పలకను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, "దీన్ని దులపకూడదు బాబూ, లోపలివైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. అటునుంచి కొడితే దుమ్ము ఇంకా లోతుకు దిగుతుంది" అన్నారు. యువకుడు నవ్వి, తమకు శిక్షణలో చెప్పిందీ అదేనన్నాడు. తాను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాననీ, మూడు ఊళ్ల కేంద్రాలు తానొక్కడే చూస్తున్నాననీ చెప్పాడు. మా భాయిజాన్ కుమారుడు అతణ్ణి ఆపకుండా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. ఇంట్లో మూడు నెలలుగా మేమెవ్వరం ఆ పిల్లవాడి నోట అన్ని మాటలు వినలేదు.

తిరుగు ప్రయాణంలో అబ్బా ఏమీ మాట్లాడలేదు. కారు చప్పుడు లేకుండా సాగుతుంటే ఆయన కిటికీకి చెవి ఆనించి దేనికోసమో వింటున్నట్టు కూర్చున్నారు.

మరునాడు ఉదయం టిఫిన్ వేళ, భాభీ చాయ్ తెచ్చి పెడుతుండగా, ఆయన మనవణ్ణి పిలిచారు. "ఆ అబ్బాయి ఫోన్ నంబరు తీసుకున్నావా?"

"తీసుకున్నాను దాదా."

"ఐటీఐ దరఖాస్తు ఎప్పటిదాకానో కనుక్కో." భాభీ చేతిలోని కప్పు ఒక్క క్షణం ఆగింది. అబ్బా చాయ్ ఊదుకుంటూ, "సాయంత్రం మాత్రం షాపుకు రా. నాజిల్ విప్పడం నీకింకా రాలేదు" అన్నారు.