బ్యూలీ సంతలో పానాల వేట

ఇంగ్లండు దక్షిణ తీరానికి చేరువలో, న్యూ ఫారెస్ట్ అడవుల నడుమ బ్యూలీ అనే చిన్న గ్రామం ఉన్నది. 1204లో జాన్ రాజు సిస్టర్షియన్ సన్యాసుల కోసం ఇక్కడ ఒక మఠాన్ని నెలకొల్పాడు. ఆ ఆవరణలోనే 1952లో మాంటేగు ప్రభువు తన తండ్రి జ్ఞాపకార్థం అయిదు పాత వాహనాలతో ఒక ప్రదర్శనశాల తెరిచాడు. నేటి నేషనల్ మోటార్ మ్యూజియానికి అదే బీజం. 1967లో ఇక్కడ మొదలైన పాత మోటారు సామాన్ల సంత పేరు 'ఆటోజంబుల్'. చర్చి హాళ్లలో పాత వస్తువులు కుప్పపోసి అమ్మే 'జంబుల్ సేల్'కు మోటారును జతచేసి అల్లిన మాట అది.

సెప్టెంబరులో ఆ పచ్చిక మీద బారులు తీరిన దుకాణాల్లో రేడియేటర్లు, దీపాలు, హారన్లు ఎన్నో కనిపిస్తాయి. కాని తుప్పు పట్టిన పానాల తట్టల మీద గంటల తరబడి వంగి ఉండేవారి తీరే వేరు. తమ పాత కారుతోపాటు కర్మాగారం ఇచ్చిన పనిముట్లను ఒక్కొక్కటిగా తిరిగి కూర్చుకొనేవారు వారు.

తొలి దశాబ్దాల మోటారు ప్రయాణంలో దారి పొడవునా మరమ్మతు షెడ్లు లేవు. అందుచేత జాకీ, గాలిపంపు, టైరు విప్పే లివర్లు, గ్రీజు గన్ను, ప్లగ్గు పానా, పటకారు కారుతోనే వచ్చేవి. కొన్నింటిని గుడ్డ సంచిలో చుట్టి ఇస్తే, 1930ల చివరి ఎస్.ఎస్. జాగ్వార్ సెలూన్లలో డిక్కీ మూతలోనే ఒక్కొక్క పనిముట్టుకూ ఒక్కొక్క గూడు అమర్చారు. ముందు నుంచి హ్యాండిల్ తిప్పి అంబాసిడర్‌ను కదిలించినవారికి ఆ కాలపు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కారు చేతులు మారినప్పుడు ఇంజను వెంట వెళ్లేది. పానా మాత్రం ఏ షెడ్డులోనో ఉండిపోయేది. దానిని తిరిగి గుర్తించాలంటే దాని భాష తెలియాలి. ఫోర్డు పానాల మీద ఆ పేరు వాలు అక్షరాలలో ఉంటుంది. బర్మింగ్‌హామ్ 'కింగ్ డిక్' పానాలకు బుల్‌డాగ్ గుర్తు. అంకెలు మరింత తికమక పెడతాయి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల ప్రమాణం ప్రకారం చేసిన పానా మీద 1/2 అని ఉంటే, దాని నోటి వెడల్పు అర అంగుళం కాదు, దాదాపు 0.92 అంగుళాలు. ఆ అంకె చెప్పేది పానా కొలతను కాదు, బోల్టు మందాన్ని. అనువాదంలో మాటకు మాట పెట్టి మోసపోయేవారికి ఇది మంచి పాఠం.

కొత్తగా పోతపోసిన నకళ్లూ దొరుకుతాయి. నకలని చెప్పి అమ్మితే దోషం లేదు. తుప్పు పట్టించి అసలుదని అంటగడితేనే చిక్కు. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. విడివిడిగా అమ్మితే లాభమని, చెదరక మిగిలిన సంచిని విప్పి పంచితే, ఆ కారును చేసినవాడు దాని యజమాని నుంచి ఎంత నేర్పు ఆశించాడో చెప్పే సాక్ష్యం మళ్లీ దొరకదు. విడిపోయిన పానా పాత ఇనుమే. తోటివాటితో కలిస్తేనే అది చరిత్ర. నేటి కార్లు చాలావాటిలో అదనపు చక్రం బదులు పంక్చరు పూడ్చే ద్రవం సీసా మాత్రమే ఉంటున్నది గనుక, ఆ సాక్ష్యం విలువ ఇంకా పెరిగింది.

అందుకే కాబోలు, ఇక్కడ అనుభవజ్ఞులు బేరానికి ముందు పానా మెరుగు చూడరు. జేబులోంచి తమ కారు నట్టు ఒకటి తీసి, దాని నోట పెట్టి చూస్తారు.