ఎవరి యంత్రం మీద పెట్టిన గడువు?

మొన్న వేసవిలో అప్పనపల్లిలో అమ్మ దగ్గర నెలరోజులున్నాను. పాపకి సెలవులు. నాకు మాత్రం పని ఉంది. 1902లో ఏలూరు నుంచి మొదలైన ‘హిందూసుందరి’ వంటి తొలితరం స్త్రీల పత్రికల్లో ఇంటిపని గురించిన మాటలు ఎలా మారుతూ వచ్చాయో చూడాలని కొన్ని పుటలు టైపు చేయించి, వాటిని చదివే చిన్న ప్రోగ్రాం ఒకటి పైథాన్‌లో రాసుకున్నాను. సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానికి ఈ కంప్యూటర్ గోలెందుకని అడిగినవాళ్లున్నారు. తెలుగు మాటల్ని లెక్కపెట్టే పరికరాలు తెలుగు చదివేవాళ్లు చేసుకోకపోతే మరెవరు చేస్తారు? ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ముక్కల్ని మళ్లీ ఒక్క అక్షరంగా కూర్చడమే నా ప్రోగ్రాం చేసే ముఖ్యమైన పని.

ప్రోగ్రాంలో ఏ భాగాన్ని ఎన్నిసార్లు పిలుస్తున్నాం, అందులో ఎంతసేపు గడుస్తోంది అని చూడటాన్ని ప్రొఫైలింగ్ అంటారు. పైథాన్‌తో వచ్చే సీప్రొఫైల్ ఆ లెక్క చెబుతుంది. దాన్ని వాడి నేనొక పరీక్ష రాసిపెట్టుకున్నాను. వెయ్యి మాటల వ్యాసం ఇస్తే అక్షరాలు కూర్చే పని రెండు సెకన్లలో ముగియాలి. లేకపోతే ఫెయిల్. హైదరాబాద్‌లో నా టేబుల్ మీద ఉన్న కొత్త కంప్యూటర్‌లో ఒకటిన్నర సెకను లోపే అయిపోయేది. అప్పనపల్లికి నేను తెచ్చుకున్నది పాత లాప్‌టాప్. అందులో ఐదు సెకన్లు పట్టి, ఎర్ర అక్షరాలతో ఫెయిల్ అని వచ్చింది. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఎండకి వేడెక్కాక మరో అంకె. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిస్తే ఇంకా నెమ్మది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేదు. ఫలితం మాత్రం యంత్రాన్ని బట్టీ, వాతావరణాన్ని బట్టీ మారిపోతోంది.

మొదట చేయబోయింది సులువైన పనే. రెండు సెకన్ల గడువుని ఎనిమిది చేసేద్దామనుకున్నాను. లేదా పాత యంత్రమైతే ఈ పరీక్ష వద్దు అని ఒక వరస రాసేస్తే సరిపోతుంది. ఈ ప్రోగ్రాం వాడబోయేది పాత కంప్యూటర్లున్న డిగ్రీ కాలేజీల్లోని అమ్మాయిలు. వాళ్లకి మొదటిరోజే ఫెయిల్ అన్న మాట కనిపించకూడదనే నా తాపత్రయం.

"ఏంటే, పొద్దుట్నించీ దాంతోనే కూర్చున్నావు?" అంది అమ్మ. విషయం చెప్పాను. అరుగు మీద కొబ్బరి ఆకుల నుంచి ఈనెలు తీస్తూ వింది.

"వలుపుకొచ్చినోళ్లని ఎన్ని కాయలు ఒలిచారని అడుగుతాం గానీ, ఎంతసేపు పట్టిందని అడుగుతామేంటే?"

కాయల లెక్కలో కూడా న్యాయం పూర్తిగా ఉండదు. చెయ్యి నొప్పెట్టినా, డొక్క గట్టిదైనా ఆ నష్టం ఒలిచేవాళ్లదే. కానీ నా సమస్యకి ఆ ప్రశ్న పనికొచ్చింది. సమయం యంత్రానిది. పిలుపుల సంఖ్య ప్రోగ్రాంది. అది ఏ యంత్రం మీదైనా ఒక్కటే ఉండాలి.

సెకన్లు పక్కనపెట్టి పిలుపులు లెక్కపెట్టాను. ఐదువందల మాటలకి అక్షరాలు కూర్చే భాగాన్ని 1,25,250 సార్లు పిలుస్తోంది. వెయ్యి మాటలకి 5,00,500 సార్లు. మాటలు రెండింతలైతే పిలుపులు నాలుగింతలయ్యాయి. కాసేపు నమ్మలేకపోయాను. తర్వాత తప్పు దొరికింది. ప్రతి కొత్త మాట దగ్గరా నా ప్రోగ్రాం మళ్లీ మొదటి మాటకి వెళ్లి, అక్కడినుంచీ అన్నిటినీ తిరిగి కూరుస్తోంది. చేసిన పనే మళ్లీ మళ్లీ. కొత్త కంప్యూటర్ ఆ వృథానంతా నోరెత్తకుండా మోసింది కాబట్టి నాకు ఏడాదిగా తెలియలేదు. పాత లాప్‌టాప్ మోయలేకపోయింది. అది ఫెయిల్ కాలేదు, ఉన్న తప్పుని బయటపెట్టింది.

ఒకసారి కూర్చినదాన్ని దాచుకునేలా నాలుగు వరసలు మార్చాను. వెయ్యి మాటలకి వెయ్యి పిలుపులే. పాత లాప్‌టాప్‌లోనూ కన్నుమూసి తెరిచేలోగా అయిపోయింది. పరీక్షని కూడా మార్చాను. వెయ్యి మాటలకి పిలుపులు వెయ్యి దాటకూడదు, మాటలు రెట్టింపైతే పిలుపులు రెట్టింపుకు మించకూడదు. కాలాన్ని పూర్తిగా వదలలేదు. ఒక్కో పిలుపే నెమ్మదైపోతే సంఖ్యలో తెలియదు కదా. అందుకని ముందు అదే యంత్రం చేత ఒక చిన్న లెక్క చేయించి, దానికి ఎన్ని రెట్లు పట్టిందో చూస్తున్నాను. ఎవరిని వాళ్లతోనే పోల్చడం అన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పిహెచ్.డి. ఎనిమిదేళ్లు పట్టింది. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం గరిష్ఠ గడువు ఆరేళ్లు. స్త్రీలకి మరో రెండేళ్లు, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల వరకు సెలవు. 2022 నిబంధనలు కూడా ఆ వెసులుబాటుని ఉంచాయి. అది లేకపోతే నా డిగ్రీ లేదు. అయినా "మీకేంటండీ, రెండేళ్లు ఎక్స్‌ట్రా" అన్న మాట విన్నప్పుడల్లా నేనే నెమ్మదైన యంత్రాన్నని సిగ్గుపడేదాన్ని. ఆ గడువు ఎవరి యంత్రం మీద పెట్టారో అడగాలని తోచలేదు. అన్నం వేళకి కంచం ముందుకొచ్చే ఇంట్లో ఆరేళ్లు ఆరేళ్లే. పేజీకి మూడుసార్లు ‘అమ్మా’ అని పిలుపొచ్చే ఇంట్లో, ప్రతి పిలుపు తర్వాతా వాక్యాన్ని మళ్లీ మొదటినుంచీ చదువుకోవాల్సిన చోట, ఆ ఆరేళ్లు ఎన్ని?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88. ఇది ఆ పని చేసినవాళ్ల సగటు మాత్రమే. అసలు చెయ్యి వేయని మగవాళ్లు ఈ సగటులోకి రానే రారు. గడువుని పెంచారు గానీ, ఇంటి ప్రోగ్రాం ప్రతి వరసలోనూ స్త్రీనే పిలుస్తోంది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. 1982లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన సూసన్ గ్రాహం మరో ఇద్దరితో కలిసి జీప్రాఫ్ అనే ప్రొఫైలర్ గురించి ప్రచురించారు. ఒక భాగం పిలిచిన ఇతర భాగాలు చేసిన పనిని పిలిచిన దాని ఖాతాలో కూడా చూపించడం దాని విశేషం. సీప్రొఫైల్ కూడా తన సమయం వేరే, పిలిచినవాళ్లతో కలిపిన సమయం వేరే చూపిస్తుంది. నా ఎనిమిదేళ్లు నా సొంత సమయం మాత్రమే. పాప పుట్టాక రెండేళ్లు అమ్మ ఈ ఊరిని వదిలి నా దగ్గరే ఉంది. నేను పిలిచినప్పుడల్లా పలికింది. సిద్ధాంత గ్రంథం కృతజ్ఞతల్లో ఆమెకి ఒక్క వాక్యం రాశాను. నిజాయితీగా లెక్కవేస్తే నా పిహెచ్.డి.కి పదేళ్లు. అందులో రెండేళ్లు అమ్మవి. నేను కూడా ఒక యంత్రం చేత నోరెత్తకుండా మోయించినదాన్నే.

పొద్దున ఇది అమ్మకి చెబితే నవ్వింది. "అయితే నాకూ ఇచ్చినట్టేనా డాక్టరేట్?" అంది. సరదాకే అంది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

వేసవి అయ్యాక ప్రోగ్రాంని ఆ కాలేజీ అమ్మాయిలకి పంపాను, కొత్త పరీక్షతో సహా. పాత లాప్‌టాప్‌ని పారేయలేదు. ఏది రాసినా ముందు దాని మీదే నడిపిస్తున్నాను.