చిల్పూరు దారిలో ఆగిన ముల్లు

హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే రోడ్డు భువనగిరి, ఆలేరు, జనగామల మీదుగా సాగుతుంది. జనగామ ఇంకా కొద్ది దూరం ఉన్నదనగా పెంబర్తి వస్తుంది. ఇత్తడి, రాగి రేకులను సుత్తితో కొట్టి బొమ్మలు తీర్చే పనివాళ్ళ ఊరు అది. జనగామ దాటి స్టేషన్ ఘనపురం చేరుకుంటే, ఆ దగ్గరలోనే ఉన్నది చిల్పూరు. 2016 దాకా ఇది వరంగల్లు జిల్లాలో ఉండేది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఒక మండలం. అక్కడి గుట్ట మీద వెలసిన దేవుణ్ణి బుగులు వేంకటేశ్వరస్వామి అంటారు. బుగులు అంటే ఆ ప్రాంతపు మాటలో దిగులు, భయం. కుబేరుడి అప్పు తీర్చే మార్గం ఎలాగా అన్న దిగులుతో స్వామి ఈ గుట్టకు వచ్చి కూర్చున్నాడని అక్కడివారు కథ చెబుతారు.

మేము ఈ దారిన మా పెదనాన్నగారి పాత కారులో వెళ్ళాము. దాని వయసు యాభై ఏళ్ళ పైమాటే. జనగామ దాటిన కొంతసేపటికి స్పీడోమీటరు ముల్లు రెండు మూడుసార్లు గజగజ వణికి, ఉన్నట్టుండి సున్నా మీద పడిపోయింది. కారు మాత్రం మునుపటిలాగే పరుగెత్తుతున్నది!

"కింద కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయేమో చూడరా," అన్నారు పెదనాన్న.

చూశాను. చివరి అంకె కూడా కదలటం లేదు.

"అయితే జబ్బు మీటరులో కాదు, మీటరుకు వచ్చే దారిలో ఉండి ఉంటుంది," అన్నారాయన.

ఆయన అలా ఎందుకన్నారో తెలియాలంటే ఆ మీటరు ఎలా పనిచేస్తుందో తెలియాలి. పాతకాలపు కార్లలో గేరుపెట్టె దగ్గర ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది. చక్రాలు తిరిగే కొద్దీ అదీ తిరుగుతుంది. దానికి తగిలించిన ఉక్కుతీగ ఒక గొట్టంలో పాములాగా మెలికలు తిరుగుతూ డ్రైవరు ఎదుట ఉన్న మీటరు దాకా వస్తుంది. ఆ తీగ మీటరులోని అయస్కాంతాన్ని గిర్రున తిప్పుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ, దానికి తగలకుండా, అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. ముల్లు ఉన్నది ఆ గిన్నెకే.

అయస్కాంతం అల్యూమినియాన్ని ఆకర్షించదు కదా, మరి గిన్నె ఎలా కదులుతుంది? ఇక్కడే ఉన్నది చిత్రం! అయస్కాంతం తిరుగుతుంటే లోహంలో విద్యుత్తు సుడులు పుడతాయి. ఆ సుడులు గిన్నెను అయస్కాంతం వెంట లాగుతాయి. గిన్నెకు కట్టిన సన్నటి స్ప్రింగు వెనక్కు లాగుతుంది. రెండు లాగుళ్ళూ సరిపోయిన చోట ముల్లు నిలుస్తుంది. తిరిగే రాగి పళ్ళెం మీద అయస్కాంతపు సూది తానూ తిరగటం 1824లో ఫ్రాన్సులో అరాగో కనిపెట్టాడు. కారణం ఫారడే 1831లో చెప్పాడు. దానితో కార్లకు వేగం కొలిచే మీటరు చేసి పేటెంటు తీసుకున్నది జర్మనీలోని ఒట్టో షుల్జె, 1902లో. మీరూ చూడవచ్చు. తేలికపాటి అల్యూమినియం గిన్నెను నీటి మీద తేలనిచ్చి, బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి, మెలిపెట్టి, గిన్నెకు తగలకుండా లోపల తిరగనివ్వండి. గిన్నె మెల్లిగా వెంట తిరుగుతుంది.

కిలోమీటర్ల అంకెలను తిప్పేదీ ఆ ఉక్కుతీగే. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే ఆగితే లోపం మీటరు లోపల ఉన్నట్టు. రెండూ ఒక్కసారిగా ఆగాయంటే ముందుగా తీగను అనుమానించాలి.

ముల్లు లేకపోతేనేం, కంటితో చూసి వేగం చెప్పలేమా అంటారేమో. కన్ను మోసం చేస్తుంది. పెద్దరోడ్డు మీద చాలాసేపు 80 కిలోమీటర్ల వేగంతో పోయి, 50కి తగ్గితే కారు నత్తలాగా పాకుతున్నట్టుంటుంది. కాని బ్రేకులకు ఆ భ్రమ ఉండదు. వేగం రెట్టింపయితే, బ్రేకు పట్టుకున్నాక కారు ఆగటానికి నాలుగింతల దూరం కావాలి. చిల్పూరు దారిలోనేమో బర్రెలు, సైకిళ్ళు, బడి విడిచిన పిల్లలు!

అందుకని పెదనాన్న తన గడియారం నా చేతికిచ్చారు. రోడ్డుపక్క కిలోమీటరు రాయి దాటగానే సెకండ్లు లెక్కపెట్టి, తరవాతి రాయి రాగానే చెప్పాలి. 3600ను ఆ సెకండ్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మొదటిసారి 60 సెకండ్లు వచ్చింది, అంటే 60 కిలోమీటర్లు. పెదనాన్న 50 అనుకుంటున్నారట! కొంచెం తగ్గించారు. ఈసారి 72 సెకండ్లు, సరిగ్గా 50.

ఘనపురంలో ఒక మెకానిక్ కారు కిందికి దూరాడు. మీటరు వెనక తీగను విప్పి, అందులోని చదరపు రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టి వేళ్ళతో తిప్పాడు. ముల్లు చివుక్కున లేచింది!

"పెద్దయ్యా, మీటరు మంచిగనే ఉన్నది. తీగ తెగింది," అన్నాడు.

గొట్టంలోంచి తీగను లాగితే సగమే వచ్చింది. మిగతా సగం కిందివైపు నుంచి తీశాడు. తెగినచోట గొట్టం బాగా వంగి నొక్కుకుపోయి ఉన్నది. తీగ గ్రీజు లేక ఎండిపోయింది. అందుకే ముల్లు తెగబోయే ముందు అలా వణికింది. తీగకు గ్రీజు పలచగా రాయాలట. మీటరు వైపు కొస పొడిగా వదలాలట. లేకపోతే గ్రీజు తీగ వెంట పైకి పాకి మీటరులో చేరుతుంది. ఎక్కువ రాస్తే మంచిదనుకునేవాళ్ళు మీటరును పాడుచేసుకునేది ఇలాగే.

అంత పొడుగు తీగ అతని దగ్గర లేదు. హనుమకొండలో దొరుకుతుందన్నాడు. పెద్దరోడ్డు విడిచాక ఇక గడియారం పని లేకుండా పోయింది. పెదనాన్న కారును రెండో గేరు దాటనివ్వలేదు. ఇంజను గుర్రుమంటున్నా సరే, వెనక మోటారుసైకిళ్ళు హారన్లు కొడుతున్నా సరే. ఒక మలుపు దగ్గర మేకపిల్ల ఒకటి చెంగున రోడ్డు మీదికి దూకింది. కారు దానికి చాలా ఎడంగానే ఆగింది. మేకలు కాసే కుర్రవాడు నవ్వుతూ దాన్ని చంకన పెట్టుకుపోయాడు. ఆ తరవాత గుట్ట కనిపించింది.

కొత్త తీగ మరునాడు హనుమకొండలో పడింది. ఈలోగా నడిచిన కిలోమీటర్లు మీటరు లెక్కలోకి రాలేదు గనక, పెదనాన్న వాటిని రాళ్ళ ప్రకారం కూడి తన పెట్రోలు పుస్తకంలో వేరే రాసుకున్నారు.