విడిగా పెట్టిన గ్లాసు

మా మేనకోడలి కూతురు డిగ్రీ ప్రాజెక్టుకై క్షయవ్యాధి పట్ల గ్రామస్థుల వైఖరిని తెలుసుకోబూని, ప్రశ్నావళిని దిద్దమని తెచ్చియిచ్చింది. మొదటి ప్రశ్న: "క్షయరోగులను మీరు చిన్నచూపు చూస్తారా?" వ్యాకరణదోషం లేదు. కాని ఔనని ఎవరంటారు?

1970లో మా మేనత్తకు ఆ జబ్బు సోకింది. వసారాలో మంచం, విడిగా గ్లాసు. బడిలో అడిగితే ఉబ్బసమని బొంకాను. ఇంటివద్ద మందులు వాడే రోగివల్ల కుటుంబానికి అదనపు ముప్పు లేదని, 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన 1960 నాటికే తేల్చింది. ఆ కబురు మా వీధికి చేరలేదు.

ఆ ప్రశ్నను కొట్టివేసి ఇలా వ్రాయించాను: "మీ వీధిలో ఒకరికి టీబీ వచ్చింది. ఇరుగుపొరుగువారు ఆ ఇంట మంచినీళ్ళు పుచ్చుకుంటారా? ఆ ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకుంటారా?" తన సంగతి దాచేవాడు పొరుగువాడి సంగతి దాచడు. (క్షయ అంటే తరిగిపోవడం, ఆ మాట వింటేనే రోగి సగమౌతాడు. తెలుగు పండితుణ్ణయినా, టీబీ అనే ఉంచమన్నాను.) ఒక్కొక్కరినీ ఏకాంతంగా అడగమనీ, అత్తగారి ఎదుట కోడలు నోరు విప్పదనీ చెప్పాను.

ముందు పదిమందిని అడిగి చూడమన్నాను.

"అయితే మొదట మీరే చెప్పండి తాతగారూ" అని కలం తీసింది. మేనత్త గ్లాసును కడిగే వంతు నాదైన రోజుల్లో నేనేం చేసేవాణ్ణో చెప్పడం మొదలుపెట్టాను.